పరీక్ష వాయిదా పడుతుంది, ఇల్లు వాయిదా పడదు: నా గ్రూప్-2 ప్రిపరేషన్

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే గ్రూప్-2 పరీక్ష తుది జాబితాలో నా హాల్‌టికెట్ నంబరు కనిపించినప్పటి నుంచి తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నది ఒకటే: "అక్కా, ఇల్లు, పిల్లవాడు, వంట... వీటన్నిటి మధ్య ఎలా చదివారు?" అందుకే ఇది రాస్తున్నాను. సిలబస్, పుస్తకాల జాబితా మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను.

మన నోటిఫికేషన్ ఎలా నడిచిందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. 783 పోస్టులకు 2022 డిసెంబరులో ప్రకటన వచ్చింది. పరీక్ష మొదట 2023 ఆగస్టు అన్నారు. తర్వాత నవంబరు, ఆ తర్వాత 2024 జనవరి, మళ్లీ ఆగస్టు, చివరికి డిసెంబరు 15, 16. తుది ఫలితాలు 2025 సెప్టెంబరులో. "పరీక్ష అయ్యాక చూద్దాం" అని నిద్రను, పండుగలను, అమ్మానాన్నలను పక్కన పెట్టి హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదుల్లో కూర్చున్న నా స్నేహితురాళ్లు ఒక్కో వాయిదాకు ఎంత కుంగిపోయారో నాకు తెలుసు. వాళ్ల కష్టం ముందు నా కష్టం తక్కువే కావచ్చు. కానీ ఎప్పుడు జరుగుతుందో తెలియని పరీక్ష కోసం బతకడం ఆపేస్తే, తేదీ మారిన ప్రతిసారీ మనిషి మళ్లీ మొదటి నుంచి లేవాల్సి వస్తుంది. హనుమకొండలో మా ఇంట్లోనే ఉండి చదవాలన్న నా నిర్ణయం సరైనదేనని ఈ రోజుకీ నమ్ముతున్నాను.

తెల్లవారుజామున కఠినమైన అంశాలు, బాబు బడికి వెళ్లాక మరో విడత, మధ్యాహ్నం కాసేపు కునుకు, సాయంత్రం బిట్లు. రాత్రి పది దాటితే పుస్తకం మూసేయడమే. ఇందులో దాచుకోవాల్సిన రహస్యమేమీ లేదు.

నాకు అసలు మలుపు గిన్నెలు తోమేచోట వచ్చింది. తెలంగాణ ఉద్యమంపై ఉండే పేపర్-4లో, స్థానికుల హక్కులపై 1973లో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన ఆరు సూత్రాల పథకం ఎన్నిసార్లు చదివినా, ప్రశ్నలో రెండు వాక్యాలు కాస్త మార్చి ఇస్తే తడబడేదాన్ని. ఒక రోజు అన్నం గిన్నె తోముతూ, ఆరు సూత్రాలు పైకి చెప్పుకుందామని మొదలుపెట్టాను. వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి, విద్యాసంస్థల ప్రవేశాల్లో స్థానికులకు ప్రాధాన్యం, హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఉద్యోగ నియామకాల్లో స్థానిక ప్రాధాన్యం... అక్కడ ఆగిపోయాను. ఉద్యోగుల ఫిర్యాదులు విచారించే పరిపాలనా ట్రిబ్యునల్ గుర్తుకు రాలేదు. చేతులు కడుక్కుని వెళ్లి ఆ ఒక్క వాక్యం చూసి వచ్చి, మిగతా గిన్నెలతో పాటు మిగతా సూత్రాలూ పూర్తిచేశాను. ఆ రోజు నుంచి ట్రిబ్యునల్ నన్ను వదిలి పోలేదు.

పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ ప్రతి వాక్యం మనకు వచ్చినట్టే ఉంటుంది. చేతులు సబ్బు నురగలో ఉన్నప్పుడు ఏది వచ్చో, ఏది రాదో తేలిపోతుంది. తర్వాత దాన్నే పద్ధతిగా పెట్టుకున్నాను. బట్టలు ఆరేస్తూ కాకతీయుల వరుస. కూరగాయలు తరుగుతూ ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలపై 1972లో సుప్రీంకోర్టు తీర్పు, ప్రత్యేక ఆంధ్ర కోసం జై ఆంధ్ర ఉద్యమం, 1973లో రాజ్యాంగ 32వ సవరణ, దానితో వచ్చిన 371-డి అధికరణ, స్థానిక ప్రాధాన్యంపై 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, వాటికి విరుద్ధంగా నియమితులైన స్థానికేతరులను వెనక్కి పంపమన్న 1985 నాటి 610 జీవో. దేని తర్వాత ఏది, దేనివల్ల ఏది అని చెప్పుకుంటూ పోతే, కాలక్రమంలో అమర్చమనే ప్రశ్నలకు భయపడాల్సిన పని లేదు.

ఇంటి పనంతా నేనే చేశానని అనుకోవద్దు. "కాస్త సహకరించండి" అని అడిగితే ఎవరూ ఏమీ చేయరు. రాత్రి వంట, బాబు హోంవర్కు మా ఆయనవి. పొద్దున వాకిలి, పూజ పని అత్తమ్మవి. ఎవరి పని ఏదో ముందే మాట్లాడుకున్నాం కాబట్టి నా చదువు గంటల్లో నన్ను ఎవరూ పిలవలేదు, నా పని గంటల్లో నేను పుస్తకం పట్టలేదు. క్రమశిక్షణ అంటే పద్నాలుగు గంటలు కుర్చీలో కూర్చోవడమని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. చదవాల్సిన వేళకు చదవడం, లేవాల్సిన వేళకు లేవడం, ఈ రెండూ రోజూ తప్పకుండా చేయడం అంతకంటే కష్టం.

2024 అక్టోబరులో, పరీక్షకు రెండు నెలల ముందు, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది సాయంత్రాలూ బతుకమ్మ ఆడాను. "పరీక్ష పెట్టుకుని ఆటలా?" అన్నవాళ్లున్నారు. ఆ గంటన్నర చప్పట్లు, పాటల తర్వాత పడుకుంటే పట్టిన నిద్ర, ఫోనులో వీడియోలు చూసి పడుకుంటే ఏనాడూ పట్టలేదు. ఫోను చూడటాన్ని విశ్రాంతి కింద లెక్కేసుకోకండి. కళ్లు, మనసు రెండూ అలసిపోతాయి.

ఆర్థిక వ్యవస్థపై ఉండే పేపర్-3కి సామాజిక ఆర్థిక సర్వే, బడ్జెట్ క్షుణ్ణంగా చదివాను. జనరల్ స్టడీస్ ఉండే పేపర్-1కి రోజూ పత్రిక, పాత ప్రశ్నపత్రాలు. అంతే.

పరీక్ష రెండు రోజులూ ఉదయం పేపరు పన్నెండున్నరకు ముగుస్తుంది, తర్వాతది మూడింటికి. ఆ విరామంలో చుట్టూ అందరూ నోట్సు తిరగేస్తుంటే నేను పెరుగన్నం తిని కళ్లు మూసుకున్నాను. ఇది ఆ రోజుకు ఆ రోజు వచ్చే అలవాటు కాదు. మాక్ టెస్టులు కూడా అవే వేళల్లో, మధ్యలో ఆ కునుకుతో సహా రాయండి. పేపర్-4 వచ్చేది రెండో రోజు మధ్యాహ్నం. మూడు పేపర్లు రాసి అలసిన తలతోనే 1948 నుంచి 2014 దాకా ఉద్యమమంతా వరుసలో పెట్టాలి.