పాదాలు చూశారు, ఆ ఒక్క మాట అడగలేదు

నాకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో నా కళ్ళు చూశారు, కిడ్నీలు చూశారు, అరికాలికి సన్నటి తీగ ఆనించి స్పర్శ తెలుస్తోందా అని కనుక్కున్నారు. మొగుడూ పెళ్ళాల మధ్య అంతా బాగానే ఉందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. చివరికి సిగ్గు విడిచి నేనే ఎత్తాను. దానికి వచ్చిన జవాబు ఇంకా నా చెవుల్లోంచి పోలేదు.

అప్పటికి రెండేళ్ళుగా బాధ పడుతున్నాను. మొదట దురద, తర్వాత మంట, తెల్లబట్ట. మందుల షాపులో క్రీము తెచ్చుకుంటే వారం తగ్గేది, నెల తిరిగేసరికి మళ్ళీ మొదలయ్యేది. ఒక్క ఏడాదిలో ఆరుసార్లు వచ్చింది. మెల్లగా కలయిక అంటేనే భయం పట్టుకుంది. తడి ఆరిపోయి, గీరుకుపోయినట్టు నొప్పి. మూత్రానికి వెళ్తే చీరుకున్న చోట ఉప్పు రాసినట్టు ఉండేది. మా ఆయన గదిలోకి వచ్చే అలికిడి వినగానే గోడవైపు తిరిగి నిద్ర నటించేదాన్ని. ఆయన ఒకసారి "నా మీద కోపమా?" అన్నారు. "అదేం లేదు, అలసటగా ఉంది" అన్నాను. రెండోసారి అడగలేదు. కొన్నాళ్ళకి దిండు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

షుగర్ డాక్టరు దగ్గర ఇదంతా చెప్పడానికి నాకు మూడు విజిట్లు పట్టింది. చెప్పాను. ఆయన చీటీ మీంచి తల ఎత్తకుండానే నవ్వి, "పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదమ్మా, ఈ వయసులో ఇంకా అవన్నీ ఎందుకు?" అన్నారు. నాకప్పుడు నలభై ఆరేళ్ళు. పక్కన నర్సు ఉంది. ఫైలు ఒళ్ళో పెట్టుకుని లేచి వచ్చేశాను.

మా అన్నయ్యకీ వదినకీ కూడా షుగరే, అదే డాక్టరు. అన్నయ్యని మొదటి విజిట్‌లోనే ఆ విషయం అడిగి, అవసరమైతే మందు ఉందని కూడా చెప్పారట. వదిన ఆ రోజు అదే గదిలో, ఆయన పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. ఆమెను అడగలేదు. ఈ మాట ఆమె నోటి నుంచే విన్నాను.

ఆ తర్వాత మంట మరీ ఎక్కువైతే వేరే క్లినిక్‌కి వెళ్ళాను. ఫంగస్ అన్నారు, ఫ్లూకొనజోల్ రాశారు, మూడు రోజులకొకటి చొప్పున మూడు మాత్రలు. నేను షుగర్‌కి గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నానని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఒక ఫంగస్ మాత్రకీ షుగర్ మాత్రకీ పొత్తు ఉంటుందని నాకేం తెలుసు?

రెండో మాత్ర వేసుకున్న రాత్రి నీరసంగా ఉండి సరిగా తినకుండానే పడుకున్నాను. రెండు గంటలప్పుడు మెలకువ వచ్చింది. జాకెట్టు మొత్తం చెమటతో తడిసిపోయి ఉంది. గుండె దడదడలాడుతోంది. లేవాలనుకుంటే చెయ్యి నా మాట వినడం లేదు. ఆయన్ని పిలవాలని తెలుసు, కానీ నోరు తెరిస్తే ఏదో శబ్దం వచ్చింది గానీ మాట రాలేదు. మధ్యలో ఒక గోడ. ఆ గోడ ఎవరు కట్టారో ఆ క్షణంలో నాకు బాగా తెలుసు. ఇక పోతానేమో అనుకున్నాను. చెయ్యి విసిరితే బల్ల మీది స్టీలు గ్లాసు కింద పడింది. ఆ చప్పుడుకి ఆయన పరుగెత్తుకొచ్చారు.

మిషన్ పెట్టి చూస్తే షుగర్ 46కి పడిపోయి ఉంది. గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి పట్టించారు. పావుగంటకి 58. మళ్ళీ పట్టించారు, 84కి వచ్చింది. నా అరచేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూనే ఉన్నారు. తెల్లవారుజామున మళ్ళీ 62కి పడిపోయేసరికి ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయి, మా పెద్దదాని వయసే ఉంటుందేమో, నా మాత్రలన్నీ మంచం మీద పోయించి ఒక్కొక్కటే చదివింది. ఫ్లూకొనజోల్ వల్ల గ్లిమెపిరైడ్ ఒంట్లోంచి త్వరగా పోకుండా నిలిచిపోతుందట, అందుకే షుగర్ పదే పదే పడిపోతోందట. సాయంత్రం దాకా పక్కనే కనిపెట్టుకుని ఉండి, "అసలు ఫంగస్ ఎందుకు ఇన్నిసార్లు వస్తోందమ్మా?" అని అడిగింది. ఆ పిల్లని దేవుడు చల్లగా చూడాలి. అన్నేళ్ళలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి తనే.

తను పంపిన గైనకాలజిస్టు దగ్గరే నాకు అన్నీ అర్థమయ్యాయి. నా మూడు నెలల షుగర్ సగటు (HbA1c అనే రక్త పరీక్ష) అప్పుడు 9.4 ఉంది. షుగర్ అంత ఉంటే ఫంగస్‌కి పండగే. దానికి తోడు ఆర్నెల్ల కిందట మా డాక్టరు కొత్త మాత్ర కలిపారు, పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని వచ్చే రకం. అది చక్కెరను మూత్రంలోకి పంపేస్తుంది. గుండెకీ కిడ్నీకీ మేలు చేసే మందే, దాన్ని తిట్టను. కానీ ఆడవాళ్ళలో ఆ చోట ఫంగస్ రావడం ఎక్కువని రాసిచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే, ఆర్నెల్లు నన్ను నేను అసహ్యించుకునేదాన్ని కాదు. ఒంటి శుభ్రత సరిగా లేదేమోనని రోజుకి మూడుసార్లు సబ్బుతో కడుక్కునేదాన్ని. ఆ సబ్బుతో చర్మం ఇంకా పాడైంది.

కోరిక చచ్చిపోవడం కూడా నా మనసు చేసిన తప్పు కాదట. షుగర్ అరికాలి నరాలను ఎలా మొద్దుబారుస్తుందో, సన్నటి రక్తనాళాలను ఎలా పాడుచేస్తుందో, అక్కడా అలాగే చేస్తుంది. రక్తం సరిగా అందకపోతే తడి ఊరదు. దానికి తోడు నెలసరి ఆగే వయసు. నొప్పి వస్తుందన్న భయానికి కండరాలు ముందే బిగుసుకుంటాయి, దాంతో ఇంకా నొప్పి. డాక్టరమ్మ ఇదంతా కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. నేను ఏడుస్తుంటే ఆపమనలేదు.

వైద్యం గురించి చెప్పేందుకు పెద్దగా లేదు. స్వాబ్ పరీక్ష చేశారు, ఫ్లూకొనజోల్ పనిచేయని ఫంగస్ రకాలు కూడా ఉంటాయట. షుగర్ మందులు మార్చారు, గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపాకే వారానికొకటి చొప్పున ఆర్నెల్లు ఫ్లూకొనజోల్ ఇచ్చారు. చాలా తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీము, నీటితో చేసిన లూబ్రికెంట్, కండరాలను వదులు చేసుకునే వ్యాయామం. పుండు మానేదాకా కలయిక వద్దన్నారు, ఆ మాట మా ఆయనకి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. ఇంటికొచ్చాక ఆయన చాలాసేపు ఊరుకుని, "నేనంటేనే నీకు ఇష్టం లేదనుకున్నాను" అన్నారు. రెండేళ్ళు ఆ మాట మనసులో పెట్టుకుని తిరిగారు.

ఎనిమిది నెలలకి సగటు 7.1కి దిగింది. ఫంగస్ మళ్ళీ రాలేదు. స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు, కొన్ని రోజులు అసలేమీ అనిపించదు. అనిపించని రోజు చెప్పేస్తున్నాను, నటించడం మానేశాను. ఆయన దిండు మళ్ళీ నా పక్కకి వచ్చింది, దాని పక్కనే గ్లూకోజ్ డబ్బా. ఇన్సులిన్ గానీ షుగర్‌ని బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్ళకి కలయిక తర్వాత కూడా షుగర్ పడిపోవచ్చు, వ్యాయామం చేసినట్టే. ఇది చదివే చెల్లెళ్ళు, అక్కలు ఎవరైనా సరే, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా వేసుకునే మాత్రలన్నీ సంచిలో పట్టుకెళ్ళండి. ఫంగస్ క్రీము తరచూ కొనాల్సి వస్తుంటే ఒకసారి షుగర్ చూపించుకోండి.

పాత డాక్టరు మీద కోపం పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు. ఒకసారి వెళ్ళి, ఆయన అన్న మాట ఆయనకే చెప్పి వచ్చాను. గుర్తులేదన్నారు.

మొన్న వదినకి ఫోన్‌లో ఇదంతా చెప్పాను. విని చాలాసేపు మాట్లాడలేదు, లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత గొంతు తగ్గించి, "మీ అన్నయ్య పక్క గదిలో ఉన్నారు. ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో చూస్తుంది?" అంది.