తొమ్మిదింటికల్లా షట్టరు ఎత్తాలి

బ్రాడీపేటలో మా ఇంటికి రెండు లైన్ల అవతల ఉండే ఒక అమ్మాయి ఈ నెలాఖరున చదువు కోసం జర్మనీకి ప్రయాణమవుతోంది. పోయిన ఆదివారం వాళ్లమ్మగారిని వెంటబెట్టుకొని వచ్చి, మంచినీళ్లైనా తాగకుండానే, "అక్కా, నాకు సీటొచ్చిన ఊరికి దగ్గర్లో పెద్ద సిటీ ఏముంది?" అని అడిగింది. 2022లో నేను కూడా అందరినీ ఇదే ప్రశ్న అడిగాను. విదేశంలో చదువు అనగానే గుంటూరులో మన కళ్లముందు కదిలేవి అద్దాల మేడలూ మెట్రో రైళ్లూ మాత్రమే, ఎందుకంటే కన్సల్టెన్సీల గోడల మీద అతికించే బొమ్మలన్నీ అవే. వీసా కోసం ఖాతాలో 10,332 యూరోలు, అంటే అప్పటి లెక్కలో ఎనిమిది లక్షల పైచిలుకు రూపాయలు చూపించి, చివరికి మన అమ్మమ్మగారి ఊరికన్నా నిశ్శబ్దంగా ఉండే పల్లెటూరికి వెళ్లవలసి వస్తుందని ఏ గోడా చెప్పదు.

నేను రెండేళ్లు చదువుకున్న చోటు జర్మనీకి నైరుతి మూలన, హున్స్‌రూక్ అనే కొండ ప్రాంతంలో ఉంది. సుమారు మూడు వేలమంది ఉండే హోప్‌స్టెటెన్-వైయర్స్‌బాఖ్ అనే గ్రామం పరిధిలో, నాహె నది లోయలో, ఒకప్పుడు అమెరికా సైన్యానికి ఆసుపత్రిగా ఉన్న భవనాలను బాగుచేసి, ట్రియర్ హోఖ్‌షూలె, అంటే ట్రియర్ నగరంలోని ఉన్నత విద్యాసంస్థ వారు 1996లో అక్కడ బిర్కెన్‌ఫెల్ట్ పర్యావరణ ప్రాంగణాన్ని ప్రారంభించారు. ప్రాంగణంలోని హాస్టలులో నాకు గది దొరకనందువల్ల, ఆరు కిలోమీటర్ల దూరంలోని మరో చిన్న ఊళ్లో, ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ ఇంటి మేడమీద అద్దెకు దిగాను. ఆ ఊరి పేరు రాయను. రాస్తే, అక్కడున్న కొద్ది ఇళ్లలో ఆ పెద్దావిడ ఎవరో చెప్పినంత పనవుతుంది.

నేను అక్కడ అడుగుపెట్టింది అక్టోబరు 1, శనివారం రాత్రి. మర్నాడు ఆదివారం కనుక కొట్లన్నీ మూసి ఉంటాయని తెలుసు. సోమవారం కొనుక్కోవచ్చులెమ్మని ధైర్యంగా ఉంటే, అక్టోబరు 3 వాళ్ల దేశ ఏకీకరణ దినమనీ, ఆ రోజు కూడా ఎక్కడా ఏమీ తెరవరనీ ఇంటావిడ సైగలతో చెప్పింది. ఆ ఆదివారం మనకు మూలా నక్షత్రం. ఇంద్రకీలాద్రి మీద సరస్వతీ అలంకారం చూడడానికి అమ్మ బెజవాడ వెళ్లి, క్యూలో నిలబడి ఫోను చేస్తే, అవతల మైకుల హోరూ జనం కేకలూ కలిసి ఒక్క మాటా తెలియలేదు. ఇవతల నా కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద మనిషి లేడు, కుక్క కూడా లేదు. ఆ రెండు రోజులూ సూట్‌కేసులో తెచ్చుకున్న అటుకులు నీళ్లలో నానబెట్టి ఆవకాయ కలుపుకొని తిన్నాను. మంగళవారం కొట్టుకు వెళ్లి, బియ్యం బొమ్మ ఉన్న పొట్లం తెచ్చి వండితే, అది పాలలో ఉడికించి తీపి చేసుకునే పొట్టి గింజ రకమట, గరిటెకు అంటుకొని వదల్లేదు. అదీ ఆవకాయతోనే లోపలికి వెళ్లింది.

ఇక ఆ ఇంటి పద్ధతులు. మొదటగా నేర్చుకున్నది షట్టరు సంగతి. అక్కడి ఇళ్ల కిటికీలకు బయటివైపు మన కొట్ల షట్టర్లలాంటివే, సన్నని ప్లాస్టిక్ పట్టీలతో చేసినవి ఉంటాయి. గది లోపల గోడకు వేలాడే పట్టాను లాగితే పైకి చుట్టుకుంటాయి, వదిలితే దిగుతాయి. రాత్రి దించాలి, పొద్దున ఎత్తాలి. వచ్చిన మొదటి వారంలో ఒక రోజు నేను పదింటిదాకా నిద్రపోతే తలుపు దబదబా మోగింది. తీసి చూస్తే ఇంటావిడ, ఆమె వెనక ఎదురింటావిడ. నా షట్టరు ఇంకా దిగే ఉందని ఎదురింటావిడ గమనించి ఈవిడకు చెప్పిందనీ, తొమ్మిది దాటినా ఎత్తకపోతే లోపల మనిషికి ఏదో అయిందని ఆ వీధిలో అనుకుంటారనీ అర్థం కావడానికి నాకు పావుగంట పట్టింది. "అక్కడ పక్కింట్లో మనిషి పోయినా అడిగే దిక్కుండదు" అని మా చుట్టాలు నన్ను సాగనంపుతూ చెప్పిన మాట నాకు అప్పుడే గుర్తొచ్చింది. బ్రాడీపేటలోనైనా నేను లేచిన వేళను ఇంత శ్రద్ధగా కనిపెట్టినవాళ్లు లేరు.

రెండోది గాలి. యుక్రెయిన్ యుద్ధంతో రష్యా గ్యాసు ఆగిపోయిన చలికాలం అది. ప్రభుత్వ కార్యాలయాల్లో వేడిని 19 డిగ్రీలకు మించనివ్వకూడదని ఆ సెప్టెంబరు నుంచే నిబంధన వచ్చింది, ఇంటావిడ దాన్ని తన ఇంటికి కూడా వర్తింపజేసుకుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరి నుంచి వచ్చిన నేను రెండు స్వెటర్లు వేసుకొని కిటికీలు బిగించుకొని కూర్చుంటే, ఆమె పైకి వచ్చి హీటరు కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, చేతి గడియారం చూస్తూ ఐదు నిమిషాలు నిలబడి, మళ్లీ మూసి వెళ్లేది. మన ఊపిరిలోని తేమ, వంటలోని ఆవిరి చల్లటి గోడలకు పట్టి బూజు వస్తుందట. అలాగని కిటికీని ఓరగా తెరిచి వదిలేస్తే గాలి సరిగా మారదు సరికదా గోడ చల్లబడి ఇంకా చెడుతుంది కాబట్టి, కాసేపు పూర్తిగా తెరిచి మూసెయ్యడమే పద్ధతి. ఈ విద్య నా తాలింపు వల్ల నాకు పూర్తిగా వంటబట్టింది. నాన్న మిర్చియార్డులో ఒక కమీషను కొట్టులో గుమాస్తా. ఆయన ఏరి పంపిన తేజ మిరపకాయలు నాలుగు నూనెలో వేసేసరికి ఘాటు మెట్లు దిగి కింద గదుల్లోకి వెళ్లింది, నడవాలోని పొగ అలారం కూత మొదలుపెట్టింది, ఇంటావిడ దగ్గుతూ వచ్చి ఈసారి కిటికీలు పదిహేను నిమిషాలు తెరిచి ఉంచింది. ఆ తరువాత మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం కుదిరింది: తాలింపు పెట్టబోయే ముందు నేను నేలను రెండుసార్లు తట్టాలి, ఆమె కింద వంటింటి తలుపు వేసుకుంటుంది.

పల్లెలో చదువుకునేవాళ్ల జీవితాన్ని నడిపేది బస్సు. మా ఊరికి రోజుకు వచ్చే బస్సులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బస్టాపులోని పట్టికలో కొన్ని వేళల పక్కన ఒక చిన్న అక్షరం ఉంటుంది, దాని అర్థం కింద ఇంకా చిన్న అక్షరాలతో ఉంటుంది: ఆ బస్సు బడి ఉన్న రోజుల్లో మాత్రమే నడుస్తుంది. అక్టోబరు మూడో వారంలో పిల్లలకు శరదృతువు సెలవులు మొదలైన సంగతి నాకెలా తెలుస్తుంది? సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చి, ముప్పావుగంట నిలబడి, చివరికి నడక మొదలుపెట్టాను. దారిలో దీపాలు లేవు, రెండు పక్కలా అడవి, అడవిపందులు అడ్డం వస్తాయని వాహనాలను హెచ్చరించే బోర్డు ఒకటి. సగం దూరం వెళ్లాక వెనక నుంచి ఒక కారు వచ్చి ఆగింది. నడుపుతున్న పెద్దాయన అద్దం దించి, నా పేరు అడగకుండానే మా ఇంటావిడ ఇంటిపేరు చెప్పి, వేలితో పైకి చూపించాడు. ఆ ఇంటి మేడమీద అమ్మాయివే కదా అని అర్థం. నేను తలూపాను. మర్నాడు రొట్టెల వ్యాను హారను కొట్టుకుంటూ వీధిలోకి వచ్చినప్పుడు, రొట్టెలు అమ్మే ఆవిడ కూడా రాత్రి క్షేమంగా చేరావా అని అడిగింది. 2023 మే నెలలో దేశమంతా ఊరి బస్సులూ రైళ్లూ ఎక్కడానికి నెలకు 49 యూరోల టిక్కెట్టు వచ్చింది గాని, మా ఊరికి మాత్రం బస్సులు పెరగలేదు.

ఇలా అందరూ చూస్తూ ఉండడంలో సుఖమే ఉందని చెప్పను. ఖాళీ గాజు సీసాలను రంగుల వారీగా వేయవలసిన పెద్ద డబ్బాలు ఊరి చివర ఉండేవి. ఒక ఆదివారం మధ్యాహ్నం తీరిక దొరికి నేను వెళ్లి నాలుగు సీసాలు వేసి వచ్చేసరికి, ఆదివారం గాజు పగిలే చప్పుడు చెయ్యకూడదన్న సంగతి నాకు చెప్పమని అప్పటికే ఎవరో ఇంటావిడకు ఫోను చేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. చప్పుడు చేస్తే తప్పు, షట్టరు ఎత్తకపోతే తప్పు, మరి మనిషి ఎలా బతకాలని అమ్మతో ఫోనులో వాపోయాను.

చదువు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు, కష్టపడ్డాను, గట్టెక్కాను. ఒక ప్రాంతంలోకి వచ్చే ఇంధనం, సరుకు, బయటికి పోయే చెత్త, డబ్బు, ఇవన్నీ ఎటు ప్రవహిస్తున్నాయో లెక్కకట్టే చదువు మాది కనుక, తరగతి గదిలో విన్నదాన్ని పక్క ఊళ్లోనే చూపించేవారు. అమెరికా వైమానిక దళం ఒకప్పుడు మందుగుండు దాచుకున్న మోర్‌బాఖ్ స్థలంలో ఇప్పుడు గాలిమరలు తిరుగుతున్నాయి; వాటి కింద నిలబడి పాఠం విన్నాం. అక్కడ మార్కుల పద్ధతిలో 1.0 అన్నది అన్నిటికన్నా గొప్ప, 5.0 వస్తే తప్పినట్టు. మొదటి సెమిస్టరులో ఒక పేపరులో 1.7 వచ్చిందని సంబరంగా చెబితే, నాన్న చాలాసేపు మౌనంగా ఉండి, "పోనీలేమ్మా, మళ్లీ రాయొచ్చు" అన్నారు.

డిసెంబరులో ఎనిమిదిన్నరకు తెల్లవారి నాలుగున్నరకు పొద్దుగూకేది. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్లు గడియారాలను గంట వెనక్కి తిప్పడంతో మనకూ వాళ్లకూ మధ్య తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నరకు పెరిగింది. ఆ సంగతి ముందుగా చెప్పడం మరచిపోయినందుకు, నేను అలవాటు ప్రకారం ఫోను చేసే వేళకు అమ్మ అప్పటికే గంటసేపు కంగారుపడి, ఊళ్లో ఉన్న మేనమామలందరినీ పోగుచేసింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున నేను కాలేజీకి బయలుదేరి మెట్లు దిగి, అలవాటుగా వెనక్కి తిరిగి చూస్తే, ఇంటావిడ పడకగది షట్టరు దిగే ఉంది. తొమ్మిది దాటింది. నేను వెళ్లి దబదబా బాదాను. చాలాసేపటికి జ్వరంతో వణుకుతూ వచ్చి తలుపు తీసింది. ఎదురింటావిడను పిలిచి డాక్టరుకు ఫోను చేయించి, ఆ రోజు కాలేజీ మానేసి, నాకు తెలిసిన వైద్యం నేను చేశాను: చింతపండు పులుసులో మిరియాలూ జీలకర్రా దంచి వేసి, వెల్లుల్లి చితక్కొట్టి, చారు కాచి గ్లాసులో ఇచ్చాను. మొదటి గుక్కకే ఆమె కళ్ల వెంట నీళ్లు కారాయి. రెండో గ్లాసు తానే అడిగింది.

లేచి తిరిగిన తరువాత ఆమె నన్ను కూర్చోబెట్టి, ఇకనుంచి మనం 'డూ' అని పిలుచుకుందాం అంది. మనకున్నట్టే వాళ్లకూ మీరు, నువ్వు అని వేరువేరు మాటలున్నాయి. కాని మన పెద్దవాళ్లు చిన్నవాళ్లను చూడగానే నువ్వు అనేస్తారు. అక్కడ ఎనభై దాటిన ఆవిడ ఇరవైమూడేళ్ల నన్ను అంతవరకూ మీరు అనే అంటోంది, నువ్వు అనుకోవాలంటే పెద్దవాళ్లే అడగాలి, అడిగాక ఇద్దరూ అనాలి. మా నాయనమ్మ వయసు మనిషిని నువ్వు అనడానికి నాకు నోరు రాలేదు. క్రియ లేకుండా వాక్యాలు అల్లుతూ వారం రోజులు తప్పించుకు తిరిగాను.

ఏప్రిల్ చివర ఇంటి వెనక గడ్డి మైదానంలో ఆమె ఏదో ఆకు కోసి నమిలి, నన్నూ తినమంది. పుల్లగా, నాలుక జివ్వుమనేలా ఉంది. జర్మన్‌లో దాని పేరు జవర్‌అంప్ఫర్. వెతికి చూస్తే అది మన చుక్కకూరకు దగ్గరి చుట్టమని, రెండూ రూమెక్స్ అనే ఒకే ప్రజాతికి చెందినవని తెలిసింది. కందిపప్పు ఎప్పుడో అయిపోయింది. అక్కడి కొట్లలో దొరికే ఎర్రపప్పుతో, ఒడినిండా కోసుకొచ్చిన ఆ ఆకుతో పప్పు వండాను, నేలను రెండుసార్లు తట్టి తాలింపు పెట్టాను. ఆమె దాన్ని ఉడికించిన బంగాళాదుంపలతో తిన్నది. నాకది చూడబుద్ధి కాలేదు గాని, ఆమె గిన్నె ఖాళీ చేసింది.

ఇదంతా పోయిన ఆదివారం ఆ అమ్మాయికి చెప్పలేదు. కుక్కరుకు అదనంగా రెండు గ్యాస్కెట్లు పెట్టుకోమన్నాను, బియ్యం తీసేయించి ఆ బరువుకు కందిపప్పు పెట్టించాను, బస్సుల పట్టికలో చిన్న అక్షరాలు చదవమన్నాను. వెళ్లబోతూ వాళ్లమ్మగారు గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "అంత చిన్న ఊళ్లో దీన్ని పట్టించుకునేవాళ్లు ఎవరైనా ఉంటారంటావా అమ్మా?" అని అడిగారు.

"ఒక్క రోజు తొమ్మిది దాటేదాకా షట్టరు ఎత్తకుండా పడుకోమనండి పిన్నిగారూ," అన్నాను.