ఈఎఫ్ ఒక్కటే అడక్కండి

గుండె వీకై, ఊపిరితిత్తుల్లో నీరు చేరి తిరుపతిలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చూడ్డానికొచ్చిన వాళ్లందరూ నన్నడిగింది ఒకటే: "ఈఎఫ్ ఎంతంట?" గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందో చెప్పే ఆ ఎకో స్కాను లెక్క ముఖ్యమే. కానీ ఆయాసంతో చేరిన మనిషి గండం గట్టెక్కుతాడా అన్నది బీపీ, కిడ్నీల పనితీరు చూపే యూరియా, క్రియాటినిన్ రక్తపరీక్షలు దాని కంటే బాగా చెబుతాయి.

ఇదే జబ్బుతో ఆసుపత్రుల్లో చేరినవాళ్ల వివరాలు నమోదు చేసిన అమెరికాలోని అడ్‌హియర్ రిజిస్ట్రీ లెక్కలు 2005లో వచ్చాయి. చేరేటప్పటికి బీయూఎన్ (రక్తంలోని యూరియా నైట్రోజన్) 43 లేదా అంతకు మించి, పై బీపీ 115 లోపు, క్రియాటినిన్ 2.75 లేదా అంతకు మించి, ఈ మూడూ కలిసినవాళ్లలో నూటికి దాదాపు 22 మంది ఆసుపత్రిలోనే చనిపోయారు. బీయూఎన్ అంతకంటే తక్కువగా, బీపీ 115కి తగ్గకుండా ఉన్నవాళ్లలో ఇద్దరే. మన ల్యాబు రిపోర్టులో బ్లడ్ యూరియా అని ఉంటే 2.14తో భాగించుకోవాలి. అంటే యూరియా 92 దగ్గర ఆ గీత ఉంది.

నా బీపీ 170 చూసి ఇంట్లోవాళ్లు హడలిపోయారు. నిజానికి ఈ జబ్బులో ఎక్కువ భయపడాల్సింది 90కి. గుండెకు నెట్టే సత్తువ తగ్గి, చేతులూ కాళ్లూ చల్లబడి, కిడ్నీలకు రక్తం చాలక మూత్రం తగ్గిపోతుంది. ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ పడ్డాక మొదటి ఆరు గంటల్లో గంటకు కనీసం 100 నుంచి 150 మిల్లీలీటర్లు రావాలని చూస్తారు. సిస్టర్ యూరిన్ బ్యాగు ఎత్తి గీతలు చదివేది అందుకే.

సోడియం 135 లోపు పడినా ప్రమాద సూచనే. అది ఉప్పు తక్కువై కాదు, ఒంట్లో నీరు ఎక్కువై. దయచేసి ఉప్పు కలిపిన మజ్జిగ పట్టకండి! వయసు, షుగరు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ పెరగడం, అంతకుముందే ఇదే జబ్బుతో చేరి ఉండడం కూడా ముప్పు పెంచేవే.

ఇంటికొచ్చాక మొదటి రెండు మూడు నెలలు కూడా గండమే. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చి, టిఫినుకు ముందు బరువు చూసుకుని రాసుకుంటున్నాను. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ముంగాలి ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కితే గుంట అలాగే నిలుస్తుంది. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. సంగటిలోకి ఊరుబిండి ఉప్పు తగ్గించి నూరుతున్నారు, ఆవకాయ మానేశాను. "లో సోడియం" ఉప్పు మాత్రం కొనకండి: అందులో పొటాషియం ఉంటుంది, ఒంట్లో పొటాషియాన్ని నిలబెట్టే స్పైరోనోలాక్టోన్ మాత్ర వాడేవాళ్లకు అది గుండె లయనే చెడగొట్టగలదు.

మొక్కుందని అలిపిరి మెట్లెక్కకండి, గుండె జబ్బున్నవాళ్లు నడిచి రావద్దని టీటీడీయే చెబుతోంది. మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకోకండి. అవి నీటిని ఒంట్లోనే నిలబెట్టి, కిడ్నీలను దెబ్బతీస్తాయి.