దూప, దాహం, పిపాస: ఇంగ్లీషు పదాలు నేర్చుకున్న నా తొవ్వ

నేను పదో తరగతి వరకు నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లెలో తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. డిగ్రీలో రసాయన శాస్త్రాన్ని ఇంగ్లీషులో చదవవలసి వచ్చినప్పుడు పాఠ్యపుస్తకం ఎలాగో అర్థమయ్యేది గాని, ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం చదవబోతే పేరాకు రెండు మూడు చోట్ల ఆగిపోయేవాణ్ణి. ఆ కొరత తీర్చుకోవాలని నల్లగొండలో పోటీ పరీక్షల పదాల పుస్తకం ఒకటి కొని, రోజుకు ఇరవై మాటల చొప్పున, కార్డుల మీద ఒక వైపు ఇంగ్లీషు మాట, మరొక వైపు తెలుగు అర్థం రాసుకొని, ఆరు నెలలు కంఠస్థం చేశాను. ఆ తరువాత పీజీ ప్రాజెక్టు నివేదికలో మా ఊరి నీటి ఎద్దడి విపరీతంగా ఉందని చెప్పడానికి ‘ప్లెథొరా’ అనే మాటను వాడాను. పుస్తకంలో దానికి ‘ఆధిక్యం’ అని అర్థం ఉంది. మా అధ్యాపకులు ఆ మాట కింద పెన్సిలుతో గీత గీసి, “ఈ మాటను ఇట్లా ఎవరైనా రాయంగ చూసినవా?” అని అడిగారు. నేను చూడలేదు. ఆ మాటను జాబితాలో తప్ప మరెక్కడా చూడలేదు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడింది. నా కార్డులు తిరగేస్తే అలీవియేట్, మిటిగేట్, అబేట్, కర్టెయిల్, అస్వేజ్ అనే ఐదు మాటలకూ ఎదురుగా ‘తగ్గించు’, ‘తగ్గు’ అనే రెండే అర్థాలు కనిపించాయి. నిఘంటువు తప్పు చెప్పలేదు. అయితే అది చెప్పినది సగం మాత్రమే. తెలుగులో మాత్రం మనం అన్నింటినీ తగ్గిస్తున్నామా? జ్వరం తగ్గుతుంది, వాన వెలుస్తుంది, కోపం చల్లారుతుంది, వాపు తీస్తుంది, నొప్పి ఉపశమిస్తుంది. వాన చల్లారిందని, కోపం వెలిసిందని మూడేళ్ల పిల్లవాడు కూడా అనడు. ఇంగ్లీషులోనూ అంతే. అలీవియేట్ అనేది నొప్పితోనూ, బాధతోనూ, పేదరికంతోనూ కలిసి నడుస్తుంది. మిటిగేట్ ముప్పుతో, నష్టంతో, దుష్ప్రభావంతో వస్తుంది. తుఫాను, వరద తమంతట తాము అబేట్ అవుతాయి. ఖర్చులను, హక్కులను కర్టెయిల్ చేస్తారు. అపరాధ భావాన్ని, భయాన్ని అస్వేజ్ చేస్తారు. మాటకు అర్థంతో పాటు చుట్టాలు కూడా ఉంటాయని, ఆ చుట్టరికం తెలియనంత వరకు ఆ మాట మనది కాదని నాకు అప్పుడు తెలిసివచ్చింది.

మాటకు చుట్టాలే కాక, అది కూర్చునే చోటు కూడా ఉంటుంది. మా నాయినమ్మ “దూపయితుంది బిడ్డా, చెంబెడు నీళ్లియ్యి” అనేది. బడిలో పరీక్ష రాసేటప్పుడు నేను అదే భావానికి ‘దాహం’ అని రాసేవాణ్ణి. ‘పిపాస’ అనే మాట పద్యాలలోనూ, ‘జ్ఞాన పిపాస’ వంటి సమాసాలలోనూ తప్ప వినబడదు. నాయినమ్మతో పిపాస అన్నా, ఉపన్యాసంలో దూప అన్నా ఎబ్బెట్టుగా ఉంటుందని మనకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. తెలంగాణలో పుట్టినవారికి ఇది మరీ సులువు, ఎందుకంటే తొవ్వ, దారి, మార్గం, రాస్తా అనే నాలుగు మాటలనూ నాలుగు సందర్భాలలో మనం తడుముకోకుండా వాడుతాం. ఇంగ్లీషు కూడా ఇటువంటి పొరల భాషే. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత పాత మాటల మీద ఫ్రెంచి మాటలు, వాటి మీద పండితులు తెచ్చిన లాటిన్ మాటలు వచ్చి చేరాయి. అందుకే అడగడానికి ఆస్క్, క్వెశ్చన్, ఇంటరాగేట్ అనే మూడు మాటలు నిలిచాయి. ఇంట్లో అమ్మ ఆస్క్ చేస్తుంది. అనుమానం ఉన్నవారు క్వెశ్చన్ చేస్తారు. ఇంటరాగేట్ అనగానే పోలీసు ఠాణా కళ్ల ముందు కదులుతుంది. ఇంగ్లీషులో పెద్ద మాట ఎదురైనప్పుడల్లా ఇది దూప వంటిదా, దాహం వంటిదా, పిపాస వంటిదా అని నన్ను నేను అడుగుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఇక మాటలను ఎక్కడ వెతకాలి? నాకు సమాధానం మా ఊరి నీళ్లలోనే దొరికింది. మా ప్రాంతపు భూగర్భ జలాలలో ఉండి ఎముకలను వంచేసే ఫ్లోరైడు గురించి ఇంగ్లీషులో చాలా రాశారు. నీటి నుండి ఫ్లోరైడును తీసివేయడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డిని అడుగుకు చేర్చి, పైనున్న తేట నీటిని వడగట్టడం ఆ పద్ధతి. సంగతి ముందే తెలిసినది కనుక, తెలియని మాటలు సైతం ఆ పేజీలలో తమ అర్థాన్ని తామే చెప్పుకున్నాయి. మా నాయినమ్మ వంగిన నడుమును చూస్తూ పెరిగినవాడికి ‘ఎండెమిక్’ అనే మాటను ఎవరైనా విడమరిచి చెప్పాలా? గ్రీకులో ‘డెమోస్’ అంటే జనం. జనంలోనే తిష్ఠ వేసుకొని ఉన్న జబ్బు ఎండెమిక్, జనం మీదికి వచ్చిపడేది ఎపిడెమిక్, జనం ఏలుకునేది డెమోక్రసీ. నీటిలోని మలినాలు గడ్డకట్టడమనే అర్థం గల ‘కోయాగ్యులేషన్’కు మూలమైన లాటిన్ మాటకు పాలను విరిచి గడ్డకట్టించే పదార్థమని అర్థం, మనం పాలలో వేసే తోడుకు దగ్గరి చుట్టమన్న మాట. ‘ఫ్లాక్యులేషన్’లో ఉన్నది ఉన్నిపింజ, పటిక వేసిన నీళ్లలో దూదిపింజల వంటి తెట్టెలు కట్టడాన్ని చూసినవారు ఆ మాటను మరిచిపోలేరు. ‘సెడిమెంట్’ అంటే అడుగున కూర్చున్నది. కదలకుండా కూర్చుని చేసే కొలువును సెడెంటరీ అనడం, సభ కూర్చోవడాన్ని సెషన్ అనడం అదే ధాతువు నుండి వచ్చాయి, మన ‘సదస్సు’లోని ధాతువు కూడా దానికి బంధువే.

ఎన్ని మాటలు కావాలని విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు. న్యూజిలాండ్‌కు చెందిన పాల్ నేషన్ 2006లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లీషు పుస్తకాలను, పత్రికలను ఇతరుల సాయం లేకుండా చదవడానికి 8,000 నుండి 9,000 పద కుటుంబాలు (ఒక మూల మాట, దాని రూపాలు కలిసి ఒక కుటుంబం) అవసరమని లెక్కగట్టారు. పాఠంలో నూటికి 98 మాటలు తెలిసి ఉండాలన్నది అందులోని కొలత. అంటే 300 మాటల పేజీలో తెలియనివి ఆరుకు మించకూడదు; మించితే నేను ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి కొంచెం తేలికైనది తీసుకుంటాను. అదే దేశానికి చెందిన ఏవరిల్ కాక్స్‌హెడ్ 2000లో వెలువరించిన విద్యా విషయక పదాల జాబితాలో 570 పద కుటుంబాలే ఉన్నాయి, అందులో ప్లెథొరా వంటి అలంకారాలు కనబడవు. అప్రోచ్, ఫ్యాక్టర్, ఎస్టాబ్లిష్, ఎవిడెంట్ వంటి మాటలు ఉంటాయి. చూడడానికి మామూలుగా ఉన్న వీటిని సరిగా వాడగలగడమే ఎక్కువ కష్టమని, ఎక్కువ ఉపయోగమని నా గట్టి నమ్మకం. నిఘంటువు విషయానికి వస్తే, హార్న్‌బీ అనే ఆయన జపానులో ఇంగ్లీషు బోధించిన అనుభవంతో విదేశీ విద్యార్థుల కోసమే తయారుచేసిన నిఘంటువు ఆక్స్‌ఫర్డ్ ద్వారా 1948లో వచ్చింది, దాని కొత్త కూర్పులు నేటికీ దొరుకుతాయి. మొదట అందులో వాక్యం చూసి, తరువాతే తెలుగు అర్థం చూడటం మంచిది.

కార్డులను నేను మానలేదు, వాటి మీద రాసేది మార్చాను. ఇప్పుడు ఒక వైపు నేను నిజంగా చదివిన వాక్యాన్ని మాట స్థానం ఖాళీగా ఉంచి రాస్తాను, వెనుక వైపు ఆ మాటను, దానితో వచ్చే రెండు మూడు చుట్టాలను రాస్తాను. ఐదు అరలు చేసిన చెప్పుల డబ్బాలో జ్ఞాపకం ఉన్న కార్డు తరువాతి అరకు పోతుంది, మరిచినది మొదటి అరకు తిరిగి వస్తుంది. అర పెరిగిన కొద్దీ చూసే వ్యవధి కూడా పెరుగుతుంది. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. రోజుకు ఐదు కార్డులకు మించి కొత్తవి చేర్చను.

ఈ వారం చేర్చిన వాటిలో ‘పోటబుల్’ ఒకటి. మా జిల్లా గురించిన నివేదికలలో తాగడానికి యోగ్యమైన నీటికి ఈ మాట పదే పదే వస్తుంది. మూలం వెతికితే, తాగడమనే అర్థం గల లాటిన్ ధాతువు నుండి పోటబుల్‌తో పాటు ‘పాయిజన్’ కూడా పుట్టిందని తెలిసింది. మొదట కేవలం పానీయమని అర్థమున్న మాట కాలక్రమంలో విషమైంది. సంస్కృతంలోని ‘పా’ ధాతువు, దాని నుండి వచ్చిన మన పానీయం, పిపాస కూడా ఆ కుటుంబానివే. బోరింగు నీళ్లు చెంబుతో ఎత్తి తాగే నాయినమ్మ జ్ఞాపకం వచ్చి, నేను చాలాసేపు ఆ కార్డును చేతిలోనే పట్టుకొని కూర్చున్నాను. తరువాత వెనుక వైపు పాయిజన్ అని, దాని కింద పిపాస అని, ఆ కింద దూప అని రాసి మొదటి అరలో పెట్టాను.