సంఘం చేతికి ఫారాల కట్ట ఇచ్చే ముందు

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఆరోగ్య సర్వే అంటే పరిశోధకులు ముందు వెతికేది పొదుపు సంఘాన్నే. సభ్యులకు ప్రతి ఇల్లూ తెలుసు, లెక్కలు రాయడం అలవాటే. అందుకే ఒక పూట కూర్చోబెట్టి, ఫారాలు చేతికిచ్చి పంపేస్తారు. అది పని అప్పజెప్పడమే. భాగస్వాములు కావాలంటే ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారు, డబ్బు ఎవరి ఖాతాలో ఉంటుంది అని నిలదీయడం, అవసరమైతే 'మేం చెయ్యం' అనడం కూడా నేర్పాలి.

మామిడి కోతల రోజుల్లో శిక్షణ పెట్టొద్దు. మిగతా నెలల్లో కేంద్రంలో పాలు పోసి, ఇంటి పని ముగించుకొచ్చాక, 11 గంటల నుంచి ఒంటిగంటన్నర దాకా, వారానికొకటి చొప్పున ఆరు పూటలు చాలు. జట్టుకు 15 మంది మించితే లీడరు తప్ప ఎవరూ నోరు విప్పరు. పోయిన కూలి, బస్సు ఛార్జీ బడ్జెట్‌లో ముందే ఉండాలి.

ఆరింటిలో రెండు పూటలు సమ్మతి పత్రానికే, అంటే సర్వేలో చేరడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితానికే, ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. 'అర్థమైందా' అంటే అందరూ తలూపుతారు. 'రక్తం ఎందుకు తీస్తున్నామో నీ మాటల్లో చెప్పమ్మా', 'మధ్యలో వద్దనుకుంటే ఏం చేస్తావు' అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. చదువు రానివాళ్లు వేలిముద్ర వేసేటప్పుడు పరిశోధన జట్టుకు సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతితో పాటు 7 నుంచి 12 ఏళ్ల వాళ్లు నోటిమాటగా, ఆపైన 18 లోపు వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. సర్పంచ్ సరేనన్నంత మాత్రాన ఏ ఇల్లూ సరేనన్నట్టు కాదు.

ఇక్కడే పెద్ద చిక్కు. వచ్చే నెల లోను కావాల్సిన సభ్యురాలు, ఆ లోను మీద మాట చెల్లే లీడరే వచ్చి సంతకం అడిగితే కాదనగలదా? కాబట్టి లోను వ్యవహారాలతో సంబంధం లేని మనిషి, వీలైతే పక్క ఊరి మనిషి, సమ్మతి తీసుకోవాలి. ఎవరు వద్దన్నారో లీడరుకు తెలియకూడదు. సత్యవేడు, నగరి వైపు తమిళ పత్రం, పలమనేరు వైపు ఉర్దూ పత్రం కూడా కావాల్సి వస్తుంది. ఏ భాషలో పత్రమైనా, పరిశోధనలో మనుషులకు అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదించాకే వాడాలి. అప్పటికప్పుడు నోటితో తర్జుమా చేస్తే ఒక్కో ఇంట్లో ఒక్కో మాట చెప్పినట్టవుతుంది.

బీపీ చూడడం చేతులతో నేర్పాలి. మనిషి ఐదు నిమిషాలు కూర్చోవాలి, వీపుకు ఆనుడు, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో. అరగంట ముందు నుంచి టీ, పొగాకు ఉండకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. ఫారాల్లో వరసగా 120/80, 130/80 కనిపిస్తే మిషన్ చూపించింది కాకుండా గుండ్రం చేసి రాస్తున్నారని అర్థం. 180/120 దాటితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఛాతీ నొప్పి, మాట తడబాటు ఉంటే ఫారం పక్కన పెట్టి 108కి ఫోన్ చెయ్యాలి.

పేర్ల జాబితా ఒక బీరువాలో, నంబర్లు వేసిన ఫారాలు వేరే చోట పెట్టాలి. చిన్న ఊళ్లో పేరు తీసేసినా చాలదు. 'టీబీ ఉన్న ఒంటరి మహిళ, 40 ఏళ్లు' అని రాస్తే ఆమె ఎవరో ఊరంతా గుర్తుపడుతుంది.

ఒప్పందం దగ్గర సంఘాలు తొందరపడతాయి. ఎథిక్స్ కమిటీ ఆమోద పత్రం నకలు ముందే తీసుకోండి. విదేశీ నిధులైతే మరీ జాగ్రత్త. 2020 ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదలాయించకూడదు. 'డబ్బు మాకొచ్చాక మీకు పంపిస్తాం' అనే మాట మీద పని మొదలుపెడితే మధ్యలో చిక్కుకుంటారు. సమాచారం ఎవరి దగ్గర ఎన్నేళ్లు ఉంటుందో, పరిశోధన వ్యాసంలో సంఘం పేరు ఎక్కడ వస్తుందో, చెల్లింపు ఆలస్యమైతే ఏం చెయ్యాలో రాయించుకోండి. ఊరికి తిరిగొచ్చి ఫలితాలు చెప్పే సమావేశానికి హాలు, మైకు, ప్రయాణ ఖర్చు బడ్జెట్‌లో లేకపోతే, సంతకానికి ముందే చేర్పించండి.