ఫిల్టర్ మార్చాను, ఎయిర్ పట్టింది

మా డీజిల్ బండికి 16 ఏళ్లు. కొన్నాళ్లుగా చదును రోడ్డు మీద బాగానే పోతోంది కానీ, ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా లాగడం లేదు. నేను ముందు టర్బోని అనుమానించాను. దాని గొట్టాలన్నీ తడిమి చూసి ఒక సాయంత్రం వృథా చేసుకున్నాక గానీ డీజిల్ ఫిల్టర్ గుర్తు రాలేదు. ఫిల్టర్ సగం మూసుకుపోయినా మామూలుగా నడవడానికి సరిపడా డీజిల్ వస్తూనే ఉంటుంది. లోడ్ పడి ఇంజన్ ఎక్కువ అడిగినప్పుడే చాలదు.

కొత్త ఫిల్టర్ తెచ్చాను. ఇక అసలు కథ.

మా బండిలో ఫిల్టర్ ఇంజన్ వెనకాల, క్యాబిన్ గోడకి ఆనుకుని, గాలి వెళ్లే ఇన్‌టేక్ పైపు కింద ఉంటుంది. బోనెట్ ఎత్తితే పైనున్న ప్రైమర్ బటన్ (చేత్తో నొక్కి ఫిల్టర్‌లోకి డీజిల్ లాగేది) మాత్రం కనిపిస్తుంది, మిగతాదంతా చేత్తో తడిమి తెలుసుకోవాల్సిందే. దాన్ని అక్కడ పెట్టినవాడికి మోచేతికి కింద ఇంకో మోచెయ్యి ఉండి ఉండాలి. ఇన్‌టేక్ పైపు విప్పకుండానే సందులోంచి లాగేద్దామని గంటసేపు గుంజుకున్నాను. మణికట్టు రెండు చోట్ల గీసుకుపోయింది. చివరికి ఆ పైపు విప్పితే తేలింది, దానికున్నవి రెండు బోల్టులు, ఒక క్లిప్పు. అంతే. మీరు ముందే విప్పేయండి.

విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీశాను, స్టార్టర్ వైర్లు పక్కనే ఉన్నాయి కాబట్టి. ఆల్టర్నేటర్ మీద పాలిథిన్ కవరు కట్టి, దాని మీద పాత తువ్వాలు కప్పాను. లోపలికి డీజిల్ కారితే దాని పని అయిపోతుంది. తర్వాత బ్రష్‌తో ఫిల్టర్ చుట్టూ మట్టంతా దులిపాను. ఇక్కడ బద్ధకిస్తే లాభం లేదు. మాది కామన్ రైల్ ఇంజన్, అంటే అన్ని ఇంజెక్టర్లకీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందేది. ఇలాంటి వాటిలో డీజిల్ 1,000 బార్ దాటిన ఒత్తిడితో, దాన్ని ఇంజన్‌లోకి చిమ్మే ఇంజెక్టర్లకి వెళ్తుంది, లోపలి సందులు కొన్ని మైక్రాన్లే. ఫిల్టర్ దాటాక పడిన ఇసుక రేణువుని ఆపేవాళ్లు ఎవరూ లేరు.

పైపులు రెండు: ట్యాంకు నుంచి వచ్చేది, పంపుకి వెళ్లేది. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఒకదానికి టేపు చుట్టి, ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. వాటి చివరనున్న ప్లాస్టిక్ జాయింట్లు ఇంజన్ వేడికి అప్పడాల్లా తయారై ఉంటాయి, లాగితే విరుగుతాయి. ముందు లోపలికి కొంచెం తోసి, అప్పుడు లాక్ నొక్కి బయటికి తీస్తే మెత్తగా వచ్చేశాయి.

పాత ఫిల్టర్‌లోని డీజిల్‌ని గాజు సీసాలోకి వంచాను. కాసేపటికి అది తేరుకుంది. పైన తేనె రంగు డీజిల్, అడుగున వేలి మందాన నీళ్లు, రెంటికీ మధ్య నల్లటి సన్నటి గీత. సీసా కదిపితే ఆ గీత కూడా ఊగుతోంది. నీళ్ల సెన్సర్ లైటు ఒక్కసారి కూడా వెలగలేదు మరి!

ఆ సెన్సర్ ఫిల్టర్ అడుగున స్క్రూలా తిప్పి బిగించి ఉంటుంది. దాన్ని విప్పి కొత్త ఫిల్టర్‌కి బిగించాను. ఫిల్టర్ పై రబ్బరుకి డీజిల్ రాసి, చేత్తోనే తిప్పి, ఆనాక ఇంకో ముప్పావు చుట్టు. కొత్త ఫిల్టర్‌లో నడి రంధ్రం గుండా డీజిల్ నింపితే తొందరగా స్టార్ట్ అవుతుంది కదా అనిపిస్తుంది. నేను పొయ్యలేదు. నడి రంధ్రం వడకట్టిన డీజిల్ బయటికి వెళ్లే దారి, అక్కడ పోసింది వడకట్టకుండానే పంపులోకి పోతుంది.

పైపులు తగిలించి, బ్యాటరీ కలిపి, ప్రైమర్ నొక్కడం మొదలుపెట్టాను. వంద దాకా లెక్కపెట్టాను, తర్వాత వదిలేశాను. బటన్ గట్టిపడింది. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది. నేను గర్వంగా స్పానర్లు తుడుచుకుంటున్నాను. రెండు నిమిషాలకి ఇంజన్ తూలడం మొదలై, దగ్గి, ఆగిపోయింది. ఎయిర్ పట్టింది, అంటే డీజిల్ దారిలోకి గాలి చేరింది.

మళ్లీ ప్రైమర్, మళ్లీ సెల్ఫ్, మళ్లీ అదే. పాత రకం ఇంజన్లయితే ఇంజెక్టర్ పైపు నట్లు వదులు చేసి, సెల్ఫ్ కొట్టి ఎయిర్ తీసేవాళ్లం. కామన్ రైల్‌లో ఆ పని చెయ్యకూడదు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.

ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య జానెడు పారదర్శక గొట్టం పెట్టి స్టార్ట్ చేశాను. సోడా తీసినట్టు బుడగలు! అదే గొట్టాన్ని ట్యాంకు వైపుకి మార్చి చూస్తే ఒక్క బుడగ లేదు. అంటే ట్యాంకు దాకా తప్పు లేదు, గాలి ఫిల్టర్ దగ్గరే దూరుతోంది. కానీ ఎక్కడా చుక్క కారడం లేదే? ఇంజన్ నడుస్తున్నప్పుడు పంపు డీజిల్‌ని పీలుస్తుంది కాబట్టి, సందు ఉంటే గాలి లోపలికి పోతుందే తప్ప డీజిల్ బయటికి రాదు. ఇంజన్ ఆపి, ప్రైమర్ గట్టిగా నొక్కుతూ, చిన్న అద్దం కింద పెట్టి చూశాను. సెన్సర్ చుట్టూ తడి మెరిసింది.

ఇంతలో ఫిల్టర్ ఖాళీ డబ్బాని తన రంగు పెన్సిళ్లకి తీసుకున్న మా అమ్మాయి వచ్చింది. "నాన్నా, దీంట్లో బొమ్మ గాజు ఉంది, నల్లది. తీసుకోనా?"

కొత్త ఓ-రింగ్! సెన్సర్ చుట్టూ సందు లేకుండా వేసే రబ్బరు రింగు. డబ్బా మడతలో చిన్న కవరులో ఇరుక్కుని ఉండిపోయింది. నేను పాతదానితోనే సెన్సర్ బిగించేశాను. తీసి చూస్తే పాతది గుండ్రంగా లేదు, టేపు ముక్కలా అణిగిపోయింది. కొత్తది వేసి, ప్రైమర్ ఒక యాభై సార్లు నొక్కి, స్టార్ట్ చేసి పావుగంట గొట్టం వంకే చూస్తూ కూర్చున్నాను. ముందు రెండు మూడు బుడగలు పోయాయి, ఆ తర్వాత డీజిల్ అసలు కదులుతోందా అన్నంత నిర్మలంగా ఉంది. గొట్టం తీసేసి, ఇంకోసారి ప్రైమ్ చేసి, అదే ఎత్తు మీదికి తీసుకెళ్లాను. మూడో గేరులో లాగింది.

పాత ఓ-రింగ్‌ని గాజుగా ఇమ్మని మా అమ్మాయి ఇంకా అడుగుతోంది. డీజిల్ కంపు కొడుతోందమ్మా అంటే వినదు.

సీసాలోని నీళ్ల సంగతి మాత్రం మిగిలిపోయింది. మర్నాడు ట్యాంకు మూత తీసి చూస్తే దాని రబ్బరు మూడు చోట్ల పగిలి ఉంది. బండి కడిగినప్పుడల్లా పైపు తిన్నగా అటే పట్టేవాడిని. కొత్త మూత చెప్పాను, ఇంకా రాలేదు. అందాకా కడగడం బకెట్టుతోనే.