వాగు పక్కన కంచె

"మీ దేశంలో నదుల్ని ఎవరు పట్టించుకుంటారులే" అన్నాడు ఆ పెద్దాయన. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరానికి ఎగువన, లోవుడ్ అనే ఊరి దగ్గర, ఆయన పొలంలో వాగు వెంబడి కంచె వేస్తున్నాం. ఇన్నాళ్లూ వాగులోకి దిగి తాగిన ఆవులకు ఇప్పుడు గట్టు మీద తొట్టి ఎందుకని అడిగాను, అంతే. చెడ్డ మనసుతో అన్న మాట కాదు. మధ్యాహ్నం మాకు టీ తెచ్చిచ్చింది కూడా ఆయనే. అయినా ఆ మాట నన్ను తొలుస్తూనే ఉంది.

ఈ ప్రాంతం పేరు సోమర్‌సెట్. ఎస్క్, కిల్‌కాయ్ కౌన్సిళ్లను 2008లో కలిపితే ఏర్పడింది. ఉన్నవన్నీ చిన్న ఊళ్లు, పశువుల మేత భూములు, కూరగాయల పొలాలు. మధ్యలో వివెన్‌హో డ్యామ్, మన లెక్కలో 41 టీఎంసీలు. బ్రిస్బేన్ తాగేది ప్రధానంగా ఈ నీళ్లే. డ్యామ్ నుంచి నదిలోకి వదిలితే, కింద మౌంట్ క్రాస్బీ దగ్గర తోడి శుద్ధి చేస్తారు. డ్యామ్ చుట్టుపక్కల పొలాల్లో చాలా ఇళ్లకు మాత్రం పైపు నీళ్లు రావు. ఇంటి కప్పు మీద పడిన వానను ట్యాంకుల్లో పట్టుకుంటారు, ఎండిపోతే ట్యాంకర్ కొనుక్కుంటారు. నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది ఇదే.

కంచె ఎందుకో పెద్దాయనే చెప్పాడు. లాకియర్ క్రీక్ అనే వాగు వివెన్‌హో డ్యామ్‌కు దిగువన బ్రిస్బేన్ నదిలో కలుస్తుంది. 2013 జనవరి వరదకు గట్లు కోసుకుపోయి బురదంతా నదిలోకి చేరింది. మౌంట్ క్రాస్బీలో శుద్ధి ఆగిపోయి, అంత పెద్ద నగరం కొన్ని గంటల్లో తాగునీళ్లు అయిపోయే స్థితికి వచ్చింది. గట్టు నిలవాలంటే చెట్లుండాలి, చెట్లు బతకాలంటే పశువులు దిగకూడదు. పైనున్న ఒక్కో రైతు గట్టు కింద లక్షల మంది కుళాయితో ముడిపడి ఉంది. ఈ పని మీద నాకు గౌరవం కలిగింది. కడీ పాతే ప్రతి గుంటా లోతుగానే తవ్వుతున్నాను.

కానీ మన దగ్గర ఎవరూ పట్టించుకోలేదంటే ఒప్పుకోను. మాది హైదరాబాద్ పక్కన మొయినాబాద్ వైపు పల్లె. 1974 వరద తర్వాత వీళ్లు వివెన్‌హో కట్టుకున్నారు. 1908 మూసీ వరద తర్వాత మనవాళ్లు 1920కల్లా ఉస్మాన్ సాగర్, 1927కల్లా హిమాయత్ సాగర్ కట్టేశారు. వాటి నీళ్లు పాడవకూడదని 1996లో 111 జీవో వచ్చింది. చుట్టూ పది కిలోమీటర్లు, 84 ఊళ్లు. ఫ్యాక్టరీలు వద్దు, కాలనీలు వద్దు. 2000లో సుప్రీంకోర్టు కూడా ఆ కట్టడి వైపే నిలబడింది. ఇదంతా పెద్దాయనకు చెప్పాను. ఆశ్చర్యపోయి, "మరి రైతులకు ఏమిచ్చారు?" అన్నాడు.

అక్కడ నా నోరు పడిపోయింది. ఏమీ ఇవ్వలేదు. నగరం తాగే నీళ్ల కోసం మా ఊళ్లు పాతికేళ్లు ఆగాయి. జీవో హద్దు దాటితే భూమి కోట్లు పలుకుతుంటే, ఇవతల బిడ్డ పెళ్లికి అమ్ముదామన్నా ధర రాలేదు. పెద్దోళ్ల ఫామ్‌హౌస్‌లు మాత్రం లేస్తూనే ఉన్నాయి. 2022లో ఆంక్షలు ఎత్తేస్తూ మరో జీవో వచ్చింది, నగరానికి ఇప్పుడు కృష్ణా గోదావరి నీళ్లున్నాయని. మా ఊళ్లో టపాసులు కాల్చారు. ఆ వీడియో ఇక్కడ చూసి నాకు ఏడుపొచ్చింది. కాల్చినవాళ్ల మీద మాత్రం కోపం రాలేదు.

రాత్రి నాన్నకు ఫోన్ చేస్తే ఈ కంచె ఖర్చు ఎవరిదని అడిగాడు. తీగ, తొట్టి, పైపు, మొక్కలు నీటి పథకం సొమ్ముతో వచ్చాయని, రైతు ఆ వాగు పట్టీ వదులుకుని మొక్కల్ని చూసుకుంటాడని చెప్పాను.

"అట్ల అడిగితే మేం కాదంటుమా? మమ్మల్ని అడిగిందెవరు?" అన్నాడు.

తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. బ్రోకర్ మళ్లీ వచ్చి వెళ్లాడట. చెరువు వైపున్న రెండెకరాలు ఇచ్చేద్దామా అన్నాడు. వద్దన్నాను. ఎకరానికి వాళ్లు చెప్పిన రేటు విన్నాక నా కారణాలేవీ ఆయన చెవికెక్కలేదు. ఆదివారం తమ్ముడు కూడా ఉంటాడు, అప్పుడు మాట్లాడదామన్నాడు.